మంచు కనుమలో పలకమ్మ

ఆవిడ అసలు పేరు పెట్టిన మేనత్తకైనా గుర్తుందో లేదో అనుమానమే. ఇరవై నాలుగేళ్ళుగా సైకిలు పందేల లోకమంతా ఆవిణ్ణి పలకమ్మ అనే పిలుస్తోంది. కోపమొస్తే వాళ్ళాయన కూడా అంతే.

పందెంలో మోటారుసైకిలు వెనక సీటు మీద కూర్చుని, నల్లపలక మీద సుద్దతో సమయం రాసి, తొక్కేవాళ్ళకు చూపించడం ఆవిడ పని. ముందు పోయినవాడికీ, వెనక తరుముకొస్తున్నవాళ్ళకీ మధ్య ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకన్లు తేడా ఉందో చెప్పాలి. "అంతేనా?" అని ఎవరైనా పెదవి విరిస్తే, "అంతే. డాక్టరు నాడి పట్టుకుని చెప్పేదీ అంతేగా," అనేది.

అంకెలు రాయడం వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుంది. ఆయన దుకాణాలకు బోర్డులు రాసేవాడు. కూతురు ఒక అంకె రాయగానే చెయ్యి పట్టుకుని రోడ్డు అవతలికి తీసుకుపోయి, "చదువు," అనేవాడు. తను రాసిందే తను చదవలేక తడుముకుంటే మళ్ళీ రాయించేవాడు. "దగ్గరకొచ్చి చదివేవాడికి ఎవడైనా రాస్తాడే. పరుగున పోయేవాడికి రాయాలి," అన్నది ఆయన మాట. ఒక ఏడు పందెం వాళ్ళ ఊరి మీదుగా పోయింది. గమ్యం దగ్గర కట్టే గుడ్డ బ్యానరు మీద తండ్రి అక్షరాలు రాస్తుంటే, ఆవిడ అంకెలు దిద్దుతోంది. అప్పుడే పలక పట్టుకునే మనిషి భుజం కీలు తప్పి ఆసుపత్రి పాలయ్యాడు. నిర్వాహకులు ఆ అంకెలు చూశారు. "రేపొక్కరోజు వస్తావా అమ్మా?" అన్నారు.

అప్పటికి పెళ్ళయి మూడు నెలలు. అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. "కొత్తకోడలు ముక్కూమొహం తెలియనివాడి బండెక్కి ఊరేగుతుందా? నలుగురూ ఏమనుకుంటారు?" అంది. వాళ్ళాయన కుర్చీలో కస్టమరుకు నురుగు రాస్తూ, "తెలిసినవాడి బండే ఎక్కుతుందిలే అమ్మా. తమ్ముణ్ణి పంపిద్దాం," అన్నాడు. ఆయనకు వీధి మొగలో రెండు కుర్చీల సెలూను. తమ్ముడికి ఆ పక్కనే మోటారుసైకిళ్ళు బాగుచేసే షెడ్డు. అలా మరిది బండి తోలడం, వదిన పలక చూపడం మొదలైంది. ఒక్కరోజన్నది ఇరవై నాలుగేళ్ళయింది.

అదేమీ కూర్చుని తినే పని కాదు. ముందువాడు ఒక కిలోమీటరు రాయి దాటగానే స్టాప్‌వాచీ నొక్కాలి. బండి పక్కకు ఆపి, వెనకవాళ్ళు అదే రాయి దాటేదాకా కాచుకోవాలి. దాటగానే వాచీ ఆపి, పలక మీద రాసి, బండెక్కి వాళ్ళను దాటుకుపోయి, నడుము వెనక్కి మెలితిప్పి పలక ఎత్తి పట్టుకోవాలి. ఆ తరవాత ముందువాడి దగ్గరికి పరుగు. ఎండలో పలక పెనంలా కాలుతుంది. వానలో సుద్ద పాకంలా కారుతుంది. అందుకని వాన రోజులకు మైనపు సుద్ద తనే తయారుచేసుకునేది. తొక్కేవాళ్ళ చెవుల్లో రేడియోలు వచ్చాక, ఇంకా ఈ పలకెందుకన్నారు కొందరు. తొక్కేవాళ్ళే ఒప్పుకోలేదు. "చెవిలో మేనేజరు 'దగ్గరికొచ్చేశావు, తొక్కు తొక్కు' అని ఊదరగొడతాడు. దగ్గరికొచ్చామో లేదో పలకమ్మ చెప్తే తెలుస్తుంది," అన్నారు.

ఆ ఒక్క మాట ఆవిడకు పట్టుచీరతో సమానం.

అలాంటి లోకంలోకి ఒంటిగాడు వచ్చాడు.

పత్రికలవాళ్ళు పెట్టిన పేరది. ఇరవై రెండేళ్ళవాడు. మొదటి ఏడు, కొండలెక్కే ఒక రోజు మజిలీలో, గమ్యం ఇంకా డెబ్బై కిలోమీటర్లుందనగా గుంపును వదిలేసి ఒక్కడే పోయాడు. పిచ్చివాడు, గంటలో చేతికి చిక్కుతాడు అని అందరూ నవ్వుకున్నారు. పలకమ్మ రాసింది: నలభై సెకన్లు. తరవాత ఒకటీ ఇరవై. తరవాత రెండూ ఐదు. మూడున్నర నిమిషాలు రాసేటప్పుడు సుద్ద విరిగింది. "మరిదీ, నేను సరిగ్గానే నొక్కానంటావా?" అని అడిగింది. "నువ్వు తప్పు నొక్కితే సూర్యుడు పడమట పొడుస్తాడు వదినా," అన్నాడు మరిది. ఆ రోజు ఇంటికి ఫోను చేసి, "ఇలాంటి తొక్కుడు నా కళ్ళతో నేను చూశానండీ," అని భర్తకు పదిసార్లు చెప్పింది.

రెండో ఏడు అతనే గెలిచాడు. మూడో ఏడూ అతనే. నాలుగో ఏడు వచ్చేసరికి, మూడు వారాల పందెం మొదటి వారంలోనే ముగిసిపోయినట్టుండేది. అతను కొండ కింద లేచి నిలబడి రెండు తొక్కులు తొక్కితే చాలు, మిగతావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలు దించుకునేవాళ్ళు. పలక మీద అంకెలు పెరుగుతూ పోయేవి. ఎవరూ తలెత్తి చూసేవాళ్ళు కాదు. తెలిసిన సంగతి మళ్ళీ చదవడమెందుకు?

సెలూనులో సంగతి ఇంకా అన్యాయం. ఒకప్పుడు పందెం రోజుల్లో అక్కడ గొడవ ఎంతలా ఉండేదంటే, గెడ్డం గీయించుకుంటున్నవాడు ఆవేశంలో తల తిప్పుతాడని, వాళ్ళాయన కత్తి గాల్లోనే పట్టుకుని మజిలీ అయ్యేదాకా నిలబడేవాడు. ఇప్పుడు టీవీ నడుస్తుంటే జనం కునుకు తీస్తున్నారు.

"మార్చవయ్యా, వార్తలైనా పెట్టు," అనేవాడొకడు. "కథంతా చెప్పేశాక సినిమాకి టిక్కెట్టు ఎవడు కొంటాడు?"

మూల బెంచీ మీద రిటైరైన డ్రిల్లు మాస్టారు మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "మీరు చూస్తున్నది ఎవర్నో తెలుసా? నూరేళ్ళకొక్కడు పుడతాడు అలాంటివాడు. రేపు మీ మనవలు 'నువ్వు చూశావా తాతా' అంటే, 'చూళ్ళేదురా, ఛానలు మార్చాం' అని చెప్తారా?"

"పోనీ మీరు చెప్పండి మాస్టారూ, రేపు ఎవరు గెలుస్తారు?"

"వాడే."

"మరింకేం!"

ఇదంతా భర్త ఫోనులో చెప్తే పలకమ్మ నవ్వేదే గానీ, లోపల ముల్లులా గుచ్చుకునేది. ఒంటిగాడి మీద ఆవిడకు కోపం లేదు. అంత శుద్ధంగా తొక్కేవాణ్ణి ఆవిడ చూడలేదు. అయినా తను ప్రాణం పెట్టి రాసే అంకెకు విలువ లేకుండా పోతోంది.

ఆ నాలుగో ఏడే, మూడో వారంలో, రెండు కనుమలు దాటాల్సిన పెద్ద కొండ మజిలీ వచ్చింది. బయల్దేరే రోజు పొద్దున హోటలు భోజనాల గదిలో పలకమ్మ, మరిది రొట్టె తింటుంటే పోటీ డైరెక్టరు కుర్చీ లాక్కుని వాళ్ళ ఎదుట కూర్చున్నాడు. ఆయన అలా కూర్చోవడం ఇరవై నాలుగేళ్ళలో అదే మొదటిసారి.

"రెండో కనుమ మీద పొగమంచు పడుతుందట," అన్నాడాయన. "హెలికాప్టరు ఎగరదు. టీవీకి బొమ్మ రాదు. తొక్కేవాళ్ళ చెవి రేడియోలు కూడా ఆ లోయలో పనిచెయ్యవు. పాతిక కిలోమీటర్లు, వాళ్ళకి దిక్కు మీ పలకే."

"అలాగేనండి. మైనపు సుద్ద పెట్టుకుంటాను."

ఆయన కాఫీ గిన్నె అటూ ఇటూ తిప్పాడు. "ఒక్క మాటమ్మా. పోటీ చచ్చిపోతోంది. చూసేవాళ్ళు సగానికి పడిపోయారు. ఇవాళ కూడా అతను ఒక్కడే పోతాడు. వెనకవాళ్ళకు మూడు నిమిషాలని చూపిస్తే చేతులెత్తేస్తారు. అదే ఒక నిమిషమని చూపించారనుకోండి, ఆశ పుడుతుంది. కలిసి తరుముతారు. మంచు విడేసరికి నిజంగానే దగ్గరికొస్తారు. ఎవరికీ నష్టం లేదు."

పలకమ్మ రొట్టెముక్క పళ్ళెంలో పెట్టేసింది.

"మీరు రాసేది మంచులో ఎవరూ ఫొటో తీయరు," అన్నాడాయన మళ్ళీ, మెల్లగా.

"ఫొటో కోసం ఎప్పుడు రాశానండీ?" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "ఒక నిమిషమని రాస్తాను. వాళ్ళు గుండెలు పగిలేలా తొక్కుతారు. పైకెక్కాక మూడని తెలుస్తుంది. రేపు నేను పలకెత్తితే నా మొహాన ఉమ్మెయ్యరూ?"

"అంతదాకా రాదు."

"వస్తుందో రాదో నాకు తెలుసు. ఉన్నదే రాస్తాను బాబుగారూ. చెయ్యి అలా తిరిగిపోయింది, ఇంకోలా తిరగదు."

ఆయన లేచాడు. "వచ్చే ఏడు కరెంటు అంకెల బోర్డులు పెడదామని అంటున్నారు. ఇంతకాలం నేనే వద్దంటున్నాను," అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆయన పోయాక మరిది వదిన వైపు వంగాడు. "వదినా, అది బెదిరింపా, కబురా?"

"రెండూనూ. నువ్వు తిను. కొండ మీద ఆకలేస్తే నా భుజం కొరుక్కు తింటావు."

పైకి అలా అందే గానీ, ఈ పని లేని పలకమ్మ ఎలా ఉంటుందో ఆవిడకే తెలియదు.

డైరెక్టరు చెప్పినట్టే జరిగింది. మొదటి కనుమ దిగి, రెండోది ఎక్కడం మొదలెట్టీ పెట్టకముందే ఒంటిగాడు లేచి నిలబడ్డాడు. అయిదు నిమిషాల్లో మలుపు దాటి మాయమయ్యాడు. వెనక అయిదుగురు మిగిలారు. వాళ్ళలో ఒకడు తాత. వయసు ముప్పై ఆరే అయినా, తోటివాళ్ళు అలా పిలిచేవాళ్ళు. పదిహేనేళ్ళుగా తొక్కుతున్నాడు. అన్నిసార్లూ పందెం పూర్తిచేశాడు, ఒక్కసారీ చివరిరోజు బహుమతుల మెట్టెక్కలేదు. మొదటి ముగ్గురికే గదా మెట్లు! ఆ ఏడు అన్ని రోజుల సమయం కలిపిన లెక్కలో నాలుగో స్థానంలో ఉన్నాడు. మూడో స్థానంలో ఉన్న ఎర్రహెల్మెట్టువాడికీ, తాతకూ ఇరవై రెండు సెకన్లే తేడా. ఆ ఎర్రహెల్మెట్టువాడు పొద్దుట్నుంచీ తాత వెనక చక్రానికి జిగురులా అంటుకుని వస్తున్నాడు.

మంచు ఒక్కసారిగా దిగింది. బండి దీపం వెలుగు నాలుగు బారల దూరంలో ఆగిపోయింది. రోడ్డు పక్క తెల్ల రాళ్ళు తప్ప ఏమీ కనబడటం లేదు. పలకమ్మ ఒక రాయి దగ్గర దిగి వాచీ నొక్కింది. ఒంటిగాడు ఊపిరి చప్పుడుతో సహా పక్కనుంచి పోయాడు. తరవాత నిశ్శబ్దం. నీటిచుక్కలు హెల్మెట్ అంచు నుంచి టపటపా పడుతున్నాయి. వెనకవాళ్ళు వచ్చేసరికి మూడు నిమిషాల పది సెకన్లు. నలుగురే.

రాసింది. మరిది నలుగుర్నీ దాటించాడు. ఆవిడ వెనక్కి తిరిగి పలకెత్తింది.

తాత తలెత్తి చూశాడు. నిజమా అన్నట్టు గెడ్డం ఎగరేశాడు. ఆవిడ తలూపింది. అంతే. నలుగురి భుజాలూ ఒకేసారి కిందికి జారాయి. ఒకడు జేబులోంచి తిండి తీసి నమలడం మొదలెట్టాడు. ఇంకొకడు నీళ్ళ సీసా పక్కవాడికిచ్చాడు. సంతకు పోయి తిరిగొస్తున్నవాళ్ళలా తొక్కుతున్నారు.

పలకమ్మ నిజమే రాసింది. ఆ నిజమే వాళ్ళ పందేన్ని అక్కడికక్కడ పండబెట్టేసింది. పొద్దున ఆయన అన్నది ఇదే గదా!

"బండి ఆపు మరిదీ," అంది.

"ఇక్కడెందుకు? ముందువాడికి చూపించాలిగా?"

"ఎర్రహెల్మెట్టు కనబడలేదు. నలుగురే వచ్చారు. ఐదోవాడేడి?"

అలవాటుగా ఆవిడెప్పుడూ ముందువాడికీ, తరిమే మొదటి గుంపుకీ మధ్య తేడానే రాసేది. ఆ వెనక ఏం జరుగుతోందో పలక మీదికి ఎక్కేది కాదు. మామూలు రోజుల్లో అది హెలికాప్టరు చూస్తుంది, రేడియో చెబుతుంది. ఇవాళ చెప్పే నాథుడు లేడు. నలుగురూ పక్కనుంచి పోగానే ఆవిడ వాచీ నొక్కి నిలబడింది. పది సెకన్లు. ఇరవై. ముప్పై దాటాక మంచులోంచి ముందు ఎర్రటి చుక్క, దాని వెనక మరో నలుగురు బయటికొచ్చారు. ముప్పై ఐదు సెకన్లు.

ఎర్రహెల్మెట్టు వెనకబడిపోయాడు! తాతకు ఆ సంగతి తెలియదు. ఇంకా తన వెనకే ఉన్నాడనుకుంటున్నాడు. ఇరవై రెండు సెకన్లు కావాల్సినవాడికి ముప్పై ఐదు ఉన్నాయి, అది తెలియక నీళ్ళు తాగుతున్నాడు.

రిఫరీ కారు అప్పుడే పక్కకొచ్చింది. పలకమ్మ కిటికీలోకి వంగింది. "అయ్యా, వెనకవాళ్ళ మధ్య తేడా కూడా పలక మీద రాయొచ్చా?"

పెద్ద రిఫరీ ఒక్క క్షణం ఆలోచించాడు. "చూపించే సమయం నిజమైనదై ఉండాలని ఉందమ్మా రూలు. ఎవరెవరి మధ్య అన్నది లేదు."

"నిజమైనదే. ముప్పై ఐదు. పద్నాలుగో నంబరు తాతకీ, ముప్పై ఒకటో నంబరు ఎర్రహెల్మెట్టుకీ."

ఆయన కారులోని పాత వైర్‌లెస్ సెట్టు ఒక్కటే ఆ లోయలో ఎలాగో పనిచేస్తోంది. ఆయన ఆ అంకెను గమ్యం దగ్గరి గుడారానికి చెప్పాడు. అక్కణ్ణుంచి అది టీవీవాళ్ళకు వెళ్ళింది.

పలకమ్మ పలకను అడ్డంగా గీత గీసి రెండు చేసింది. పై సగంలో ఒంటిగాడి లెక్క. కింది సగంలో: 14, 31, మధ్యలో ముప్పై ఐదు. తాతను దాటి ముందుకు పోయి పలకెత్తింది.

తాత మొదట పై అంకె చూసి తల తిప్పుకోబోయాడు. కింది వరస చూశాడు. మెడ గిరుక్కున వెనక్కి తిప్పాడు. తెల్లటి మంచు తప్ప వెనక ఎవరూ లేరు. నోట్లో ఉన్నది ఉమ్మేసి, సీటు మీంచి లేచాడు.

ఆ తొక్కుడు పలకమ్మ చచ్చేదాకా మరిచిపోదు. పదిహేనేళ్ళు ఇతరుల వెనక తొక్కినవాడు పదిహేనేళ్ళ కసీ ఒక్కసారే తీర్చుకుంటున్నట్టుంది. మిగతా ముగ్గురూ రెండు మలుపులు కూడా అతని వెంట నిలవలేకపోయారు.

మరిది బండి వెనక్కి మళ్ళించలేదు. "ఎర్రహెల్మెట్టుకి చూపించకు వదినా," అన్నాడు గుసగుసగా, మంచులో ఎవరో వింటున్నట్టు. "తాత పోనీ పాపం. ముప్పై ఆరేళ్ళు. మళ్ళీ ఛాన్సు రాదు."

"నాకు మాత్రం లేదా ఏమిటి ఆ ఆశ? వెనక్కి పద."

"వదినా..."

"ఒకడికి చూపించి ఒకడికి దాస్తే, పొద్దున ఆయన అడిగిందానికీ దీనికీ తేడా ఏముందిరా? పద!"

మరిదిని ఆవిడ 'రా' అనడం అదే మొదలు. అతను మారుమాట్లాడకుండా బండి తిప్పాడు.

పలక చూడగానే ఎర్రహెల్మెట్టువాడి మొహం కూడా ఎర్రబడింది. ముప్పై ఐదు అంటే తన మెట్టు జారిపోతున్నట్టే. వాడూ తక్కువవాడేం కాదు. పళ్ళు బిగించి లేచాడు. ఇక అక్కణ్ణుంచి పలకమ్మకు ఊపిరి తీసుకునే తీరిక లేదు. రాయి దగ్గర దిగడం, నొక్కడం, ఆపడం, రాయడం, ఎక్కడం, మెలితిరగడం. ముప్పై ఐదు ఇరవై ఎనిమిదైంది. ఇరవై ఎనిమిది పంతొమ్మిదైంది. పంతొమ్మిది తాతకు చూపించక తప్పలేదు. తాత ఆ అంకె చూసి ఏడుపు మొహం పెట్టాడు, కానీ కాలు ఆగలేదు. తరవాతి రాయి దగ్గర ఇరవై నాలుగు. కుడి భుజం నిప్పులో పెట్టినట్టుంది. ప్రతి అంకె రిఫరీ కారుకు చెప్తూనే ఉంది.

మధ్యలో ఒకసారి ఒంటిగాడి దగ్గరికీ పోవాలి, అతనికీ హక్కుంది. మంచులో ఒక్కడే, గడియారం ముల్లులా ఒకే లయలో తొక్కుతున్నాడు. పై సగం చూశాడు: మూడూ యాభై. అతని మొహంలో ఏ మార్పూ లేదు. కింది సగం మీద కళ్ళు పడ్డాయి.

"ఏంటది?" అని అరిచాడు.

"మూడో మెట్టు కోసం! తాతా, ఎర్రహెల్మెట్టూ!"

"ఎవరు ముందు?"

"తాత! కానీ రెండు సెకన్లే మిగిలాయి!"

నాలుగేళ్ళలో మొదటిసారి పందెం మధ్యలో ఒంటిగాడు నవ్వడం ఆవిడ చూసింది. మబ్బులో మెరుపులాంటి నవ్వు. "మళ్ళీ రండి! ఏమైందో చెప్పండి!" అని కేకేశాడు. ఇంతకాలం తన వెనక జరిగే పందెం చూడని మనిషి అతనొక్కడేనని అప్పుడు తట్టింది ఆవిడకు. జాతర చేసేవాడికి జాతర చూసే యోగం ఉండదన్నట్టు.

గమ్యం మూడు కిలోమీటర్లుందనగా మంచు చిరిగింది. కెమెరాలకు బొమ్మ దొరికింది. ఒంటిగాడు గీత దాటాడు, ఎప్పట్లాగే, నాలుగు నిమిషాల ముందు. జనం చప్పట్లు కొట్టారు. కొట్టి, ఎవరూ కదల్లేదు. అందరి కళ్ళూ వెనకటి మలుపు మీదే ఉన్నాయి. తాత కనబడ్డాడు. సైకిలు అటూ ఇటూ ఊగిపోతోంది. గీత దాటి సైకిలుతో సహా పక్కకు ఒరిగిపోతే ఎవరో పట్టుకున్నారు. పెద్ద గడియారం లెక్క మొదలెట్టింది. పది. పదిహేను. ఎర్రహెల్మెట్టు మలుపు తిరిగాడు. ఇరవై. గుంపులో వేలమంది గొంతెత్తి లెక్కపెడుతున్నారు. ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు! ఎర్రహెల్మెట్టు గీత దాటేసరికి ఇరవై ఏడు.

అయిదు సెకన్లు. ముప్పై ఆరేళ్ళ తాత మూడో మెట్టు మీదికి వచ్చాడు.

పలకమ్మను బండి మీంచి మరిది నడుం పట్టుకుని దించాడు. అతని కళ్ళజోడు లోపల నీళ్ళు నిలిచి ఉన్నాయి. "మంచు," అన్నాడు అడక్కుండానే.

"అవునవును, మంచే," అంది ఆవిడ.

ఎర్రహెల్మెట్టువాడు సైకిలు మీద వాలిపోయి ఉన్నవాడల్లా తలెత్తి, ఆవిణ్ణి చూసి చెయ్యెత్తాడు. ఓడినవాడు ఎత్తిన చెయ్యి అది. ఇరవై నాలుగేళ్ళలో ఆవిడకు వచ్చిన బిరుదులన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు.

డైరెక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఆవిడ చేతిలో పలక తీసుకుని చూశాడు. మైనపు సుద్దతో రెండు సగాలు, తుడిచి తుడిచి రాసిన అంకెలు.

"అన్నీ నిజమేనా?" అన్నాడు.

"రిఫరీగారిని అడగండి."

"అడిగాను." తల గోక్కున్నాడు. "పొద్దున మాట మరిచిపోండమ్మా. వచ్చే ఏడు రెండు వరసలూ ఉండాలి. ఇంకాస్త పెద్ద పలక చేయించమంటారా?"

"మీకో దండం బాబూ. దీన్ని మోయలేకే ప్రాణం పోతోంది. చేయిస్తే ఇంకో బండి, ఇంకో మనిషి చేయించండి."

ఆయన నవ్వాడు. పక్కనున్న మరిది ఇంకా గట్టిగా నవ్వాడు.

సాయంత్రం భర్తకు ఫోను చేస్తే, ఆవిడ నోరు తెరిచేలోపే ఆయన మొదలెట్టాడు. ఆయన గొంతు బొంగురుపోయి ఉంది.

"తెర మీద ఏముందనుకున్నావ్? ఏమీ లేదు! మంచే. తెల్లటి గోడ చూసినట్టుంది. టీవీవాడు అంకెలు మాత్రం చదువుతున్నాడు. 'పలక నుంచి ఇప్పుడే అందిన లెక్క, ఇరవై ఎనిమిది' అని. ఆ తెల్లగోడను చూస్తూ ఒక్కడూ లేవలేదే! కుర్చీలో ఉన్నవాడికి సగం గెడ్డం గీసి ఆపేశాను. పంతొమ్మిది అనగానే మాస్టారు బెంచీ ఎక్కి నిలబడ్డాడు. దించడానికి ఇద్దరం పట్టుకోవాల్సొచ్చింది."

"ఒంటిగాడి గురించి ఏమనుకున్నారు?"

"వాడి గురించి అనుకునేదేముంది, వాడు కొండ. కొండ మీద గొడవ పడతామా, కొండ కింద పడతాం గానీ." కాస్త ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. "అందరూ అడిగారు, ఆ లెక్కలు రాసేది ఎవరని. తెలిసినవాళ్ళే, తెలిసి కూడా అడిగారు. నా చేత చెప్పించుకోవాలని."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? మా ఆవిడ అన్నాను."

పందెం ముగిసి ఆవిడ ఇల్లు చేరిన మర్నాడు, కూరల సంచీ పట్టుకుని బజారుకు బయల్దేరింది. పది అడుగులు వేసిందో లేదో డ్రిల్లు మాస్టారు అడ్డంగా వచ్చాడు. ఎర్రహెల్మెట్టువాడు ఆ కనుమలో ఒక కిలోమీటరు ముందే లేచి ఉంటే తాతకు మెట్టు దక్కేది కాదని ఆయన వాదన. పళ్ళ బండివాడు ఒప్పుకోలేదు. తాత చివరి కొండ దాకా కాలు దాచుకున్నాడని అతనంటాడు. సెలూనులోంచి ఇద్దరు బయటికొచ్చారు, ఒకడి మెడ చుట్టూ తువ్వాలు అలాగే ఉంది. బట్టలు ఇస్త్రీ చేసే ఆమె, పందెం పేరెత్తితే ఆవలించే మనిషి, ఐదో స్థానంలో ఉన్నవాడు వచ్చే ఏడు పైకొస్తాడని పందెం కాసింది. ఒంటిగాడు వచ్చే ఏడు కూడా గెలుస్తాడా అన్నది ఎవరూ అడగలేదు. గెలుస్తాడు, అది అందరికీ తెలుసు. నిజంగానే గెలిచాడు కూడా.

"నువ్వు చెప్పమ్మా, పక్కనే ఉన్నదానివి," అన్నారు అందరూ ఆవిడ వైపు తిరిగి. "ఎర్రహెల్మెట్టుకి నిజంగా దమ్ము అయిపోయిందా, భయపడ్డాడా?"

అత్తగారు గుమ్మంలోంచి, "కూరలు తెస్తావా, ఎసరు దించెయ్యమంటావా?" అని కేకేసింది.

"దించెయ్యండత్తయ్యా," అని, పలకమ్మ సంచీ చంకలో పెట్టుకుని, ఎండలో నడివీధిలో నిలబడి, మొదటి రాయి దగ్గర్నుంచి చెప్పడం మొదలెట్టింది.